శొంఠికొమ్ము లేని ఓటు

సభలో అందరూ ఆయన్ని శొంఠికొమ్ము అనేవారు. ఏ పార్టీ అండా లేకుండా రెండుసార్లు గెలిచిన ఒంటికాయ శొంఠికొమ్ము మరి. అంతకుముందు ఇరవై ఏళ్లు టైలరు. ఊళ్లో సగంమంది కొలతలు నోటికొచ్చు కాబట్టే గెలిచాడని గిట్టనివాళ్లు అంటారు గానీ, నిజానికి గెలిపించింది ఆయన కాళ్లు. గడప గడపా తిరిగాడు. గెలిచాక కూడా ఆ తిరుగుడు మానలేదు. సభలో ఆయన సీటు చివరి వరుసలో, తలుపు పక్కన. అందులో పావుగంట కూర్చోవాలంటే ముళ్లమీద కూర్చున్నట్టే. చేతిలో ఎవరిదో ఒక అర్జీ పట్టుకుని, కాలుగాలిన పిల్లిలా వరండాల్లో అధికారుల వెంట పడుతుండేవాడు.

పార్టీలవాళ్లకి విప్‌లుంటారు. ఓటింగ్ అనగానే క్యాంటీన్లో ఉన్నవాణ్ణీ, కునుకు తీస్తున్నవాణ్ణీ రెక్క పట్టుకుని లాక్కొచ్చి కూర్చోబెట్టడం వాళ్ల పని. మనవాడికి ఎవరున్నారు? "నన్ను లాగేవాడు లేడు" అని ఎన్నికల సభల్లో గొప్పగా చెప్పుకునేవాడు కూడా. జనం చప్పట్లు కొట్టేవారు.

ఆ రోజు చిన్న ఆసుపత్రులు మూసేసే బిల్లు వచ్చింది. ఆయన ఊరి ఆసుపత్రి కూడా ఆ జాబితాలో ఉంది. ముప్పై పడకలు, భార్య అందులోనే నర్సు. అది పోతే కాన్పుకి అరవై కిలోమీటర్లు పోవాలి. ఎంత లెక్కేసినా, ఆయన్ని పక్కన పెడితే బిల్లు వైపు ఒక్క ఓటే ఎక్కువ. ఆయన వద్దంటే సమానం. సమానమైతే బిల్లు వీగిపోయినట్టేనని నియమం. వారం రోజులుగా ఆయనకి తిండి సయించలేదు.

ఒంటరి సభ్యుడికి మాట్లాడ్డానికి దొరికేది రెండు నిమిషాలు, అదీ చర్చ చివర్లో. భార్య వంటింట్లో గడియారం పట్టుకుని ఎనిమిదిసార్లు చెప్పించింది. చెప్పాడు. బాగా చెప్పాడు. ఆవలించేవాళ్లు కూడా నోరు మూసుకుని విన్నారు. ఓటింగ్ భోజనాల తర్వాతేనని ఆనాటి కార్యక్రమాల కాగితంలో రాసి ఉంది. ఇంకేం, కాలు నిలవక బయటికొచ్చాడు. వరండా కొసన ఆరోగ్యశాఖ కార్యదర్శి కనిపించాడు. ఒక ముసలమ్మ కంటి ఆపరేషన్ కాగితం ఆ కార్యదర్శి సంతకం కోసం నాలుగు నెలలుగా మనవాడి జేబులో నలుగుతోంది.

"సార్, ఒక్క సంతకం."

"కిందకి వెళ్తున్నాను, నడుస్తూ మాట్లాడుకుందాం రండి."

మెట్లు దిగుతుంటే గంట మోగింది. ఆ భవనంలో దేనికైనా అదే గంట. భోజనాలకి అనుకున్నాడు, పాపం. సంతకం పెట్టించుకుని తిరిగొస్తే వరండా ఖాళీ. సభ తలుపులు మూసున్నాయి.

"ఓటింగ్ ముందుకి జరిపారు సార్," అన్నాడు కాపలా మనిషి. "విప్‌లు అందరినీ పిల్చుకుపోయారు."

"తియ్యవయ్యా బాబూ, నీకు దణ్ణం పెడతా!"

"తలుపులు వేశాక ఓటింగ్ అయ్యేదాకా తియ్యకూడదు సార్. మీకు తెలియనిదేముంది?"

అరచేతులు ఎర్రబడేదాకా తలుపు బాదాడు. లోపల ఒక్క ఓటుతో బిల్లు నెగ్గింది.

తలుపులు తెరుచుకున్నాక ప్రతిపక్ష నాయకుడు ఆయన ముందు ఆగి, "ఎంతకి కుదిరింది?" అన్నాడు. మనవాడు జేబులో కాగితం తీసి చూపించబోయి సిగ్గుపడ్డాడు. ఉన్నమాట ఉన్నట్టు చెబితే తనకే అబద్ధంలా వినిపించేలా ఉంది.

సాయంత్రం ఇంటికి చేరేసరికి భార్య డ్యూటీ బట్టలతోనే కూర్చునుంది.

"మీరు అమ్ముడుపోయారని ఆసుపత్రంతా అంటున్నారు. చచ్చినా అలాంటి పని చెయ్యరని అందరితో దెబ్బలాడొచ్చాను. అసలేం జరిగింది?"

నిలబడే అంతా చెప్పాడు. ఒక్క ముక్క దాచలేదు. గంట సంగతీ, మెట్ల సంగతీ, సంతకం సంగతీ.

"అమ్ముడుపోయినా బాగుండేదండీ," అంది చివరికి. "రేపు కాన్పుల వార్డులో వాళ్లకి ఏదో ఒక కారణం చెప్పుకునేదాన్ని."