ఎలుతేరియో ముందరి పన్ను

అమెరికా దేశంలో సగం మంది నోళ్ళలో ఉన్న పళ్ళు ఎలుతేరియో బొహోర్కెస్ పెట్టించినవే.

సరే, సగం అంటే కొంచెం ఎక్కువే. చలికాలం రాగానే వలస కొంగల్లా వచ్చి యూమా ఎడారిలో దిగి, చక్రాల ఇళ్ళలో కాపురం పెట్టే ముసలివాళ్ళ వరకే తీసుకుందాం. పెట్టించాడన్న మాట కూడా కాస్త సవరించుకోవాలి. ఆయన డాక్టరు కాడు. పట్టకారు చేతపట్టిన పాపాన పోలేదు. ఆయన ఆస్తి అంతా ఒక గడ్డిటోపీ, గుప్పెడు కార్డులు, ఒక నవ్వు.

సరిహద్దు గేటు దాటి మెక్సికో వైపు లోస్ అల్గోదోనెస్ ఊళ్ళో కాలు పెట్టగానే ఎడమ పక్కన కనిపించే మొదటి దీపస్తంభం ఎలుతేరియోది. కాగితాల మీద అది మునిసిపాలిటీదే అనుకోండి, కాగితాలు ఎవడు చదివాడు? రోడ్డు మీద నిలబడి గిరాకీని క్లినిక్కులకు తోలే వాళ్ళను ఊళ్ళో లాగుడుగాళ్ళు అంటారు. వాళ్ళల్లో మొదటి స్తంభం దక్కినవాడు మహారాజు. రెండో స్తంభం వాడికి మిగిలేది కళ్ళజోళ్ళ బేరం. మూడోవాడికి తోలు చెప్పుల బేరం. ఆపైన ఉన్నవాళ్ళకు దేవుడే దిక్కు.

ఎలుతేరియో పద్ధతి చాలా సులువు. అవతల ఒక్క పన్నుకు అడిగే డబ్బుతో ఇవతల నోరంతా బాగుచేయించుకుని, చేపల తాకోలు తిని, మనవడికి బొమ్మ కూడా కొనుక్కుని పోవచ్చునన్న సంగతి గేటు దాటే ప్రతి ముసలమ్మకూ ముందే తెలుసు. ఆవిడకు తెలియనిదల్లా మూడొందల పైచిలుకు డాక్టర్లలో ఎవరి దగ్గరకు వెళ్ళాలో. అప్పుడు ఎలుతేరియో టోపీ తీసి నవ్వేవాడు. ముప్ఫై రెండు పళ్ళూ ముత్యాల్లా మెరిసేవి.

"ఇవి చూశారా అమ్మగారూ? డాక్టర్ ఉస్కాంగా చేతి పని. నాకు నొప్పి తెలిస్తే ఒట్టు."

పొద్దున ఉస్కాంగా చేతి పని అయిన ఆ పళ్ళే, మధ్యాహ్నానికి డాక్టర్ బెర్రెల్యేసా చేతి పని అయ్యేవి. ఆయన కార్డులు పంచే క్లినిక్కులు నాలుగు. నలుగురు డాక్టర్లకూ ఆయన తమ కుర్చీలో ఎన్నడూ కూర్చోలేదని తెలుసు. మిగతా ముగ్గురిలో ఎవరో కట్టిన పళ్ళను తమ ఖాతాలో వేస్తున్నాడని ఎవరికి వారు లోలోపల మురిసిపోయేవారు. అసలు నిజం ఏమిటంటే అవి ఏ డాక్టరూ కట్టినవి కావు. తల్లి ఇచ్చిన పళ్ళు. ఇరవై రెండేళ్ళుగా ఇంతమందిని కుర్చీ ఎక్కించిన పెద్దమనిషికి, క్లినిక్ కిటికీలోంచి డ్రిల్లు చప్పుడు వినబడితే చెవులు మూసుకుని రోడ్డు దాటేసేవాడు.

ఇలా సాగుతున్న కాపురంలో జనవరి ఆరున ముగ్గురు రాజుల పండుగ వచ్చింది.

ఆ రోజు గుండ్రటి తీపిరొట్టె కోస్తారు. లోపల చిన్న బాలయేసు బొమ్మ ఉంటుంది. అది ఎవరి ముక్కలో వస్తే వాళ్ళు ఫిబ్రవరి రెండున అక్కడున్న అందరికీ తమాలెస్, అంటే మొక్కజొన్న పిండిని ఆకుల్లో చుట్టి ఉడికించిన పొట్లాలు, వండి పెట్టాలి. ఈ కాలంలో అందరూ ప్లాస్టిక్ బొమ్మ పెడతారు. ఎలుతేరియో అత్తగారు మాత్రం తన అమ్మమ్మ నాటి పింగాణీ బొమ్మే పెడుతుంది. ఆ రోజు ఇంట్లో చేరిన బంధుజనం ముప్ఫై ఎనిమిది మంది.

రెండో కొరుకులోనే బొమ్మ ఎలుతేరియో నాలుకకు తగిలింది. చిన్నప్పుడు బడిలో సిస్టర్లు ఏడు మహాపాపాలను బెత్తంతో వల్లె వేయించారు. పిసినారితనం రెండోది. ఆయనకు మొదటిదాకానే గుర్తుంది కాబోలు, బొమ్మను మెల్లగా బుగ్గలోకి తోసి, ఏమీ ఎరగనట్టు చూరు వైపు చూడసాగాడు.

సరిగ్గా అప్పుడే అత్తగారు అడిగింది. "ఏం అల్లుడూ, వేడి చాక్లెట్‌లో తీపి సరిపోయిందా?"

పెద్దావిడకు జవాబు చెప్పకపోతే మర్యాద కాదు. చెప్పాడు. బొమ్మ పళ్ళ మధ్యకు జారింది. బాలయేసుకు ఏమీ కాలేదు. ముందు పన్ను సగానికి విరిగి, వేడి చాక్లెట్‌తో పాటు కడుపులోకి పోయింది.

మర్నాడు ఎలుతేరియో స్తంభం దగ్గరకు నోరు మూసుకుని వచ్చాడు. రాక తప్పదు, మాట్లాడకా తప్పదు. లాగుడుగాళ్ళకు ఒక నియమం ఉంది. వరసగా ఏడు రోజులు గిరాకీని నోరారా పిలవనివాడి స్తంభం పక్కవాడికి పోతుంది. తాగి పడుకునే ఒకణ్ణి వదిలించుకోవడానికి ఎప్పుడో పెట్టిన నియమం అది. పెట్టించింది ఎలుతేరియోనే.

పక్క స్తంభం గిల్దార్దోది. పదకొండేళ్ళుగా కళ్ళజోళ్ళు అమ్మి అమ్మి విసిగిపోయినవాడు.

"ఏం పెద్దన్నా, మౌనవ్రతమా?" అన్నాడు మొదటి రోజు.

ఎలుతేరియో మెడకు రుమాలు చుట్టుకుని గొంతు చూపించాడు.

"పాపం, గొంతా? రెండో రోజు," అన్నాడు మర్నాడు. ఆ తర్వాత పలకరింపులు మానేసి అంకె ఒక్కటే చెప్పడం మొదలుపెట్టాడు. "మూడు." "నాలుగు." అయిదో రోజున తడిగుడ్డ తెచ్చి ఎలుతేరియో స్తంభాన్ని శుభ్రంగా తుడిచాడు. కొత్త ఇంట్లో దిగేవాడు ముందుగా సున్నం వేయించుకున్నట్టు.

ఊళ్ళో పళ్ళు కట్టే వాళ్ళకు కొదవా? వీధిలో రాయి విసిరితే డాక్టరుకే తగులుతుంది. కానీ ఎక్కడికి వెళ్ళాలి? ఏ కుర్చీ ఎక్కినా పక్క క్లినిక్‌లో నర్సు ఈ క్లినిక్ నర్సుకు పినతల్లి కూతురు అయి ఉంటుంది. ఉస్కాంగా చేతి పని విరిగిందని ఒక పూట, బెర్రెల్యేసా చేతి పని విరిగిందని ఇంకో పూట ఊరంతా పాకుతుంది. సాయంత్రానికి నలుగురూ కార్డులు వెనక్కి తీసుకుంటారు. అందుకని ఆరో రోజున ఎలుతేరియో చరిత్రలో ఎవడూ చేయని పని చేశాడు. పళ్ళ కోసం అవతలికి బయలుదేరాడు.

భార్య ఒబ్దులియాతో దుప్పట్లు కొనడానికి యూమా వెళ్తున్నానని చెప్పాడు.

గేటు దగ్గర తిరుగు వరస రెండు ఫర్లాంగులు ఉంది. బుగ్గలు వాచినవాళ్ళూ, నోట్లో దూది కుక్కుకున్నవాళ్ళూ. ముప్పాతిక మందిని పంపింది తానే. మధ్యలో నిలబడి రుమాలు మూతికి అడ్డం పెట్టుకున్నాడు. ముందున్న పొడుగాటి ముసలమ్మ వెనక్కి తిరిగింది. కెనడాలో గోధుమలు పండించే ప్రాంతం ఆవిడది. పేరు ఆర్డిస్.

"నువ్వు ఉస్కాంగా గారి పళ్ళ మనిషివి కదూ? రుమాలేమిటి, నువ్వూ ఏదైనా చేయించుకున్నావా?"

ఎలుతేరియో తల ఊపాడు. ఎటు ఊపాడో ఆయనకే తెలియదు.

"నాది ఇవాళ సగమే అయింది. రేపు పన్నుకు క్యాప్ పెడతారట. మరి నువ్వు ఇటు ఎక్కడికి?"

ఆయన దగ్గాడు. ఆవిడ జాలిపడి ఒక మెంథాల్ బిళ్ళ ఇచ్చింది.

కిటికీ దగ్గర అధికారి పనేమిటని అడిగాడు. ఎలుతేరియో రుమాలు కొద్దిగా దించి, "పళ్ళు," అన్నాడు. అధికారి గేటు వైపు చూశాడు, ఆయన వైపు చూశాడు. "పళ్ళ కోసం అటు పోతారు, పెద్దాయనా," అన్నాడు నెమ్మదిగా, దారి తప్పిన తాతకు చెప్పినట్టు.

యూమాలో ఆయన వెళ్ళిన క్లినిక్ చల్లగా, నిశ్శబ్దంగా, చర్చిలా ఉంది. బల్ల దగ్గరి ఆవిడ ఆయన ఒక వేలితో చూపించిన పన్ను చూసి, ఒక కాగితం మీద అంకె రాసి తిప్పి చూపించింది. అది ఫోన్ నంబరేమో అనుకున్నాడు. కాదని తెలిశాక కూర్చున్న కుర్చీలోంచి లేచాడు.

టోపీ ఇంట్లో వదిలి, రుమాలు చాటున ఉన్న ఆయనను ఆవిడ పోల్చుకోలేదు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "నేను చెప్పానని ఎక్కడా అనకండి. గేటు దాటి అవతలికి వెళ్ళండి. ఎడమ పక్కన మొదటి స్తంభం దగ్గర గడ్డిటోపీ పెద్దాయన ఉంటాడు. మంచివాడు. రూట్ కెనాల్‌కు నన్ను పంపించింది ఆయనే. ఆయన పళ్ళు చూస్తే చాలు, మీకే నమ్మకం కలుగుతుంది." సొరుగులోంచి ఒక కార్డు తీసి చేతిలో పెట్టింది.

ఎలుతేరియో తన కార్డును తాను రుమాలు చాటు నుంచి చదువుకున్నాడు. బాగానే అచ్చు వేయించాను అనుకున్నాడట.

ఇంటికి వచ్చేసరికి ఒబ్దులియా మొక్కజొన్న పిండి కలుపుతోంది. బల్ల మీద పింగాణీ బాలయేసు నిలబడి ఉన్నాడు.

"నీ పంట్లాం జేబులో దొరికాడు. ఉతకబోయాను," అంది. "దుప్పట్లు ఏవయ్యా?"

ఆయన నోరు తెరిచి చూపించాడు. దాచడానికి ఇంకేమీ మిగల్లేదు. అంతా చెప్పాడు. స్తంభం పోతే ఈ వయసులో చెప్పులు అమ్ముకోవాలన్నాడు. ఆమె పిండి కలపడం ఆపలేదు.

"ఇరవై రెండేళ్ళుగా ఒకే అబద్ధం నాలుగు రకాలుగా చెప్పి బతికావు. ఐదో రకం దొరకలేదా నీకు? పైగా బొమ్మ దాచావు. ముప్ఫై ఎనిమిది మందికి తమాలెస్ నువ్వే చుడుతున్నావు. ముందు చేతులు కడుక్కో."

ఏడో రోజు పొద్దున గిల్దార్దో కొత్త చొక్కా వేసుకుని వచ్చి, తన కార్డులు పట్టుకుని మొదటి స్తంభానికి భుజం ఆనించాడు. ఎనిమిదింటికి మొదటి గుంపు గేటు దాటింది. ఎలుతేరియో రుమాలు విప్పి, టోపీ తీసి, నోరు అంగుడి దాకా తెరిచాడు.

"చూడండి అమ్మగారూ, చూడండి అయ్యగారూ. ఇరవై రెండేళ్ళు ఈ ఊరి డాక్టర్లు కంటికి రెప్పలా చూసుకున్న నోరు ఇది. బుద్ధి గడ్డి తిని, నిన్న అవతలికి వెళ్ళాను. ఒక్కటంటే ఒక్క పన్ను చేయించుకున్నాను. ఇదిగో, తిరిగి వస్తుంటే దారిలో రాలిపోయింది. దాని ఖరీదు చెప్పమంటారా? వద్దు, పొద్దున్నే ఏడవడం మంచిది కాదు."

గుంపు ఆగింది. వెనక నుంచి ఎవరో, ఇలాంటి కథలు చాలా విన్నామయ్యా అన్నారు.

"కథ కాదు," అంది క్యాప్ కోసం వచ్చిన ఆర్డిస్. "నిన్న వరసలో నా వెనకే ఉన్నాడు. మూతికి రుమాలు పెట్టుకుని అవతలికే వెళ్ళాడు. బిళ్ళ కూడా ఇచ్చాను."

గోధుమ పొలాల నుంచి వచ్చిన ముసలమ్మ అబద్ధమాడుతుందని ఎవరూ అనుకోరు. ఆవిడ ఆడలేదు కూడా. మధ్యాహ్నానికి నాలుగు క్లినిక్కుల్లోనూ కుర్చీలు చాలక ప్లాస్టిక్ స్టూళ్ళు తెప్పించారు. గిల్దార్దో స్తంభం నుంచి భుజం తీసి, కళ్ళజోళ్ళ దగ్గరకు వెళ్ళిపోయాడు.

నలుగురు డాక్టర్లూ వేర్వేరుగా వచ్చి ఎలుతేరియోను పక్కకు పిలిచారు. నలుగురూ ఒకటే మాట. ఆ పన్ను ఉచితంగా కట్టగలం, కానీ దయచేసి కట్టించుకోవద్దు. అప్పటి నుంచి పళ్ళ ఊళ్ళో మొదటి స్తంభం దగ్గర నిలబడేది సగం పన్నువాడే. మొక్కజొన్న కండి కొరకలేడు. గింజలు వలిచి పెట్టేది ఒబ్దులియా.

ఈ సంగతులన్నీ ఎలుతేరియోకు చదివి వినిపిస్తే టోపీ సర్దుకున్నాడు.

"అంతా అబద్ధం. నా ముక్కలో బొమ్మ రాలేదు. పళ్ళ కోసం అవతలికి వెళ్ళేంత వెర్రివాడు ఈ ఊళ్ళో ఇంకా పుట్టలేదు. ఈ పన్నా? ఇది పుట్టుకతోనే ఇంతే."

మరి ఫిబ్రవరి రెండున ముప్ఫై ఎనిమిది మందికి తమాలెస్ ఎందుకు పెట్టినట్టు?

"ఎవరు పెట్టారు?" అన్నాడు.