చారల దగ్గర ఆగే లాండ్రీ బండి

లాండ్రీ అత్తయ్య స్టీరింగ్ పట్టుకుంటుందని ఆ వీధిలో ఎవరూ కలలో కూడా అనుకోలేదు. అంతెందుకు, ఆవిడే అనుకోలేదు. యాభై దాటేదాకా ఆవిడ లోకమంతా లాండ్రీ లోపలే: ఆవిరి కక్కే ఇస్త్రీ బల్ల, గిరగిరా తిరిగే వాషింగ్ మిషన్లు, గోడ పొడవునా దుప్పట్ల మూటలు. ఆ మూటల్ని వ్యాన్‌లో వేసుకుని హోటళ్లకీ, ఆసుపత్రికీ చేరవేసేది భర్త. పిల్లలంతా ఆయన్ని హారన్ మావయ్య అనేవారు. బండి కనబడకముందే దాని మోత వినబడేది మరి.

అలాంటి మావయ్యకు చూపు మసకబారింది. కంటి డాక్టరు పరీక్షలన్నీ చేసి, ఇక బండి నడపకూడదని తేల్చి చెప్పేసింది. ఆయన ఇంటికొచ్చి తాళంచెవి బల్ల మీద పడేసి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. డ్రైవర్ని పెట్టుకుందామంటే కుదిరినవాడు నచ్చడు, నచ్చినవాడు నిలవడు. ఆసుపత్రి వాళ్లు దుప్పట్లేవని రోజూ ఫోన్లు. చివరికి అత్తయ్యే అంది.

"నేను నేర్చుకుంటాను లెండి."

"నువ్వా? అదేమన్నా కుట్టుమిషను తొక్కడం అనుకున్నావా?"

"మీకొచ్చిన పని నాకెందుకు రాదండీ?"



డ్రైవింగ్ నేర్పిన టీచరు అత్తయ్య వయసులో సగం ఉండదు. కానీ మాట కరుకు. గేర్లూ బ్రేకులూ కాస్త చేతికి వచ్చాక, ఓ ఉదయం నాలుగు రోడ్లు కలిసే పెద్ద సర్కిల్ దగ్గర బండి పక్కకు ఆపించింది.

"దిగండి పిన్నిగారూ. ముందు నడిచి చుట్టి రండి."

అత్తయ్య జనం రోడ్డు దాటే తెల్లచారల మీద కాలు పెట్టిందో లేదో, సర్కిల్‌లోంచి బయటపడ్డ కారు ఒకటి ఆవిడ మోకాళ్లను రాసుకున్నంత పని చేసి వెళ్లిపోయింది. నాలుగు రోడ్లూ దాటి వచ్చేసరికి ముచ్చెమటలు పోశాయి.

"చూశారుగా," అంది టీచరు. "మలుపు తిరిగేటప్పుడు, మీరు వెళ్లబోయే రోడ్డును ఎవరైనా దాటుతుంటే ముందు వెళ్లేది వాళ్లే. సర్కిల్‌లోంచి బయటికి వచ్చేటప్పుడూ అంతే. దాటబోతూ అంచున నిలబడినా సరే, జోరు తగ్గించి చూడాలి. మీకైతే చుట్టూ రేకు ఉంది. వాళ్లకున్నది ఒళ్లొక్కటే."

లైసెన్సు పరీక్షలో మొదటిసారి ఎత్తు మీద బండి వెనక్కి జారడంతో తప్పింది. రెండోసారి గట్టెక్కింది. ఆ రోజు లాండ్రీలో ఇస్త్రీ చేసే అమ్మాయిలిద్దరూ ఆవిడ మెడలో తెల్ల తువ్వాలు దండలా వేసి ఊరేగించినంత పని చేశారు.

అసలు పరీక్ష మాత్రం మర్నాడు మొదలైంది. పక్క సీట్లో మావయ్య కూర్చున్నాడు.

"ఎందుకాగావ్?"

"ఎవరో దాటుతున్నారండీ."

"నువ్విలా మర్యాదలు చేస్తూ కూర్చుంటే దుప్పట్లు ఎప్పటికి చేరతాయి? పోనీ. వాళ్లే ఆగుతారు. ఇన్నేళ్లు నడిపాను, ఎవరికైనా గీరుకుందా?"

గీరుకోలేదన్నది నిజమే. అయినా అత్తయ్య వారం రోజులు ఆయన సణుగుడు వింటూ, ఆగుతూ నెట్టుకొచ్చింది. ఓ రోజు వాన పడుతోంది. సర్కిల్‌లోంచి ఆసుపత్రి రోడ్డుకు తిరగబోతుంటే చారల మీద ఒకామె కనబడింది. ఒక చేత్తో గొడుగు, మరో చేత్తో కూరగాయల సంచి. వెనక కార్లు మోత మోగిస్తున్నాయి. "పోనీ, పోనీ!" అంటూ మావయ్య చెయ్యి చాచి తనే హారన్ నొక్కాడు. అత్తయ్య కాలు బ్రేకు మీదకు వెళ్లబోయి, ఎందుకో మరి, వెళ్లలేదు. బండి ముందుకే పోయింది.

ఆమె ఒక్క గెంతున వెనక్కి తప్పుకోబోయి పడిపోయింది. సంచి చిరిగి టమాటాలు రోడ్డంతా దొర్లాయి.

అత్తయ్య బండి పక్కకు ఆపి వానలోనే పరుగెత్తింది. ఆమెను లేవదీసింది. దెబ్బేమీ తగల్లేదు. అత్తయ్య వంగి టమాటాలు ఏరుతుంటే ఆమె నెమ్మదిగా అడిగింది.

"మీరు నన్ను చూశారు కదండీ?"

తిట్టినా బాగుండేది. "చూశానమ్మా. చూసి కూడా ఆగలేదు. తప్పు నాదే," అంది అత్తయ్య. ఆమెను ఇంటి గుమ్మం దాకా దిగబెట్టి వచ్చింది.

తిరిగొచ్చేసరికి మావయ్య కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఇంటి ముందు ఇంజను ఆపాక అత్తయ్య అంది.

"రేపట్నుంచి మీరు వెనక సీట్లో కూర్చోండి."

"నేనా? నా బండిలో నేను వెనకా?"

"అవును. బెల్టు కూడా పెట్టుకోండి."

ఆయన మూతి ముడుచుకునే వెనక్కి మారాడు. మూటలకు ఆనుకుని ఉన్న ఆ సీట్లోంచి ఆయన చూపుకు అందేది అత్తయ్య జడముడి ఒక్కటే. బండి ఆగితే ఆగిందని తెలుస్తుంది గానీ ఎందుకో తెలియదు. రెండు రోజులు బిగపట్టాడు. మూడో రోజు ఉండబట్టలేకపోయాడు.

"ఇప్పుడెవరు?"

"ఓ ముసలాయన. కర్రతో దారి తడుముకుంటూ వెళ్తున్నాడు."

మరో మలుపులో, "ఇప్పుడు?"

"బడి పిల్లలు. ఒకడి బూటు లేసు ఊడింది, నడిరోడ్డు మీదే కూర్చుని కట్టుకుంటున్నాడు."

"హవ్వ! కట్టుకోనీ, కట్టుకోనీ."

క్రమంగా అదే ఆయనకు కాలక్షేపమైంది. కుక్కను లాక్కెళ్లేవాళ్లు, కుక్క లాక్కెళ్లేవాళ్లు, పిల్లల తోపుడుబండిలో కవలలు, ఫోన్‌లో పోట్లాడుతూ దాటేవాళ్లు. ఇన్నేళ్లూ అదే రోడ్డు మీద తిరిగినా, ఇంతమంది నడుస్తారని తనకు తెలియదని రాత్రి భోజనం దగ్గర ఒప్పుకున్నాడు. ఓసారి వానలో పడిపోయిన ఆ గొడుగు ఆమె దాటింది. వ్యాన్‌ను గుర్తుపట్టి ఓ క్షణం తటపటాయించి, తర్వాత నడిచింది. అత్తయ్య ఆ మాట మావయ్యకు చెప్పింది. "ఈసారి కనబడితే నేను దిగి మాట్లాడతాను," అన్నాడాయన. అన్నట్టే దిగాడు కూడా. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో అత్తయ్య అడగలేదు. ఆమె వెళ్తూ వెళ్తూ వ్యాన్ వైపు చూసి తల ఊపింది.

ఆ తర్వాత మావయ్యకు ముందు సీటు మళ్లీ దక్కింది. హారన్ జోలికి వెళ్లకూడదన్నది షరతు.

ముందుకు మారిన ఆ ఉదయమే బజారు మలుపులో ఆయన ఒక్కసారిగా అరిచాడు. "ఆగు, ఆగు! అంచున ఎవరో పెద్దమనిషి నిలబడ్డాడు!"

అత్తయ్య అప్పటికే జోరు తగ్గించింది. బండి ఆపింది. వెనకున్న కారువాడు మోత మొదలెట్టాడు. మావయ్య కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఆగవయ్యా! మనిషి కనబడటం లేదూ?"

"ఏమండీ, ఆయన దాటడు," అంది అత్తయ్య నవ్వు ఆపుకుంటూ.

"మరెందుకు నిలబడ్డాడు?"

"చొక్కా అమ్మడానికి. బట్టల కొట్టు బొమ్మండీ అది."

మావయ్య ఒక్క క్షణం తెల్లబోయి, తర్వాత పడీ పడీ నవ్వాడు. ఈలోగా బండి ఆగింది కదా అని బుట్టలు మోసుకుంటూ ఇద్దరు ఆడవాళ్లు చారల మీదకు దిగారు. వాళ్లలో ఒకామె వ్యాన్ వైపు చెయ్యెత్తింది. మావయ్యకు కనబడింది మసక మసకగా ఏదో కదలడమే. అయినా ఆయనా చెయ్యెత్తాడు.