పదోనాటి పీట

వాక్కునిచ్చిన తల్లికి, ఆ వాక్కును దిద్దిన గురువులకు మ్రొక్కి, క్రోధి నామ సంవత్సర ఆశ్వయుజ బహుళ చతుర్దశి నాటి ఉదంతాన్ని ఉన్నదున్నట్లు వ్రాస్తున్నాను.

మిర్యాలగూడలో కాలం చేసిన మా నాయనకు అది పదోనాడు. దామరచర్ల దాటి కృష్ణ ఒడ్డున బంధువులందరూ చేరారు. కొరివి పెట్టిన జ్యేష్ఠుణ్ణి నేను. క్షౌరానికి ముందుగా కూర్చోవలసినవాణ్ణీ నేనే. అప్పటికి అయిదేండ్లుగా నా ఒంటిమీద రోమమన్నది లేదు. కనుబొమలు లేక చెమట తిన్నగా కండ్లలోకి దిగుతుంది. రెప్పవెంట్రుకలు లేక, కోదాడకు పోయినప్పుడల్లా దారి దుమ్మంతా కంటిలోనే ఉంటుంది. దేహాన్ని కాయవలసిన బలమే వెంట్రుక కుదుళ్ళను పరాయివనుకొని దాడి చేస్తున్నదని, ఇది అంటువ్యాధి కాదని సూర్యాపేట వైద్యుడు విప్పి చెప్పాడు. పేనుకొరుకుడని ఉల్లిరసం రుద్దుమన్నవారే గాని ఆ మాట చెవిని పెట్టినవారు లేరు.

కోదాడలో వ్యాపారం చేసే మా తమ్ముడు నన్ను పక్కకు పిలిచాడు.

“అన్నా, నీకు తియ్యడానికి ఏమున్నదే? మిగతా కర్మ నేను చేస్తాలే. శాస్త్రం ఒప్పుకోదంట.”

“ఏ శాస్త్రం? సూపియ్యి, చదువుత.”

అతడు పీట పక్కనున్న క్షురకుణ్ణి చూపాడు. “అది కాదే. అదే కత్తి మా పిల్లగాండ్లకు గూడ పెడతడు.”

“తలకో కొత్త బ్లేడు ఏస్తున్న, పటేలా,” అన్నాడు ముసలి క్షురకుడు.

“పీట అదే గద.”

అప్పుడు రగిలిన కోపం నాకింకా చల్లారలేదు. రోగభయానికి శాస్త్రం ముసుగు వేసి, తండ్రి ఋణం తీర్చుకొనే అధికారాన్ని నా చేతినుండి లాగజూశాడు.

“అయిదేండ్లు నాయనకు తలంటినవి ఈ చేతులే. ఇద్దరం ఒక్క కంచంల తిన్నం. పాడె మీద గూడ ఆయన జుట్టు నిండుగ ఉండె. సూసినవా, లేదా?”

తలగుడ్డ విప్పి, పోయి పీటమీద కూర్చున్నాను. క్షురకుడు నా నెత్తిన నీళ్ళు చల్లి, నుదుటినుండి మెడదాకా కత్తి ఆనించి లాగాడు.

“అయ్యింది, లేవుండ్రి. పిండాలకు పొద్దు పోతది.”

నా తరువాత తమ్ముడు ఆ పీటమీద కూర్చోలేదు. పిల్లలనూ కూర్చోనివ్వలేదు.

ఆనాడు పిండప్రదానం నేనే చేశాను. విశ్వావసు నామ సంవత్సర ఆశ్వయుజ బహుళ పంచమి నాడు మిర్యాలగూడలో సంవత్సరీకం నా చేతులమీదుగా జరిగింది. తమ్ముడు కోదాడలో వేరుగా పెట్టుకున్నాడు.