గవర్నరు హోదాలో పెళ్ళిచూపులు

ఆస్ట్రేలియా రాజధానిలో గంగాలిన్ నుంచి సిటీకి లైట్ రైలు మొదలైన సంవత్సరం నన్ను పాత వలస పింఛన్ల విభాగానికి మార్చారు. నా హోదా ఈఎల్ వన్, అంటే డైరెక్టరుకు ఒక మెట్టు కింద. రిటైర్మెంటుకు దగ్గర పడ్డవాళ్ళను అలాంటి చోట కూర్చోబెట్టడం మా శాఖలో మామూలే.

పసిఫిక్ దీవుల్లో ఒకప్పుడు బ్రిటిష్ వలసగా ఉన్న ఒక దేశంలో ప్రభుత్వోద్యోగం చేసి, తరువాత ఆస్ట్రేలియాలో స్థిరపడ్డవాళ్ళకూ, వాళ్ళు పోయాక వాళ్ళ భార్యలకూ పింఛను చెల్లించడం ఆ విభాగం పని. వలస ముగిసింది. జెండా మారింది. గవర్నరు ఓడెక్కి వెళ్ళిపోయాడు. ఆయన పింఛను నిబంధనలు మాత్రం ఒక ఒప్పందం ద్వారా మా శాఖకు వచ్చి చేరాయి.

ఆ నిబంధనల్లో పింఛను హక్కు కాదు, ప్రభుత్వం దయ. ఉద్యోగి జైలుకు వెళితే ఆగిపోతుంది. వితంతువు మళ్ళీ పెళ్ళి చేసుకున్నా ఆగిపోతుంది. ఆ రెండో భర్త కూడా పోతే మళ్ళీ మొదలవుతుంది. మధ్యలో ఒక్క వెసులుబాటు ఉంది. కాబోయే భర్త నడవడినీ హోదానూ విచారించి, తృప్తి చెందితే గవర్నరు ఆ పింఛనును కొనసాగించవచ్చు.

నేను చేరిన కొత్తలోనే సుభద్రమ్మ గారు ఫోన్ చేశారు. ఎనభై దాటిన మనిషి. ఆవిడ తాతముత్తాతలు విశాఖ వైపు నుంచి చెరకు తోటల్లో కూలికి ఆ దీవులకు వెళ్ళినవాళ్ళు. భర్త అక్కడ ప్రభుత్వ పాఠశాల హెడ్మాస్టరుగా చేసి పోయారు. ఇప్పుడు బ్రిస్బేన్ పక్కన స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో కూతురి ఇంట్లో ఉంటున్నారు. ఇంగ్లీషులో మొదలుపెట్టిన ఆవిడ నా పేరు మూర్తి అని వినగానే తెలుగులోకి దిగిపోయారు.

"నాను పెళ్ళి సేసుకుంతన్నాను నాయనా. పింఛనీ వొదులుకోను. ఏటి సెయ్యాలో సెప్పు."

పింఛను పెద్దది కాదు, కానీ ఆవిడకు సొంతమని ఉన్నది అదొక్కటే. అల్లుడు మంచివాడేనట. అయినా మనవరాలికి గౌను కొనాలంటే అల్లుడి మొహం చూడాల్సిన రోజు వస్తే ఈ పెళ్ళే వద్దన్నారు. పెళ్ళికొడుకు రాన్, పక్క వీధిలో ఉండే రిటైరైన బస్సు డ్రైవరు. ఆయనా భార్య పోయినవాడే.

మా డైరెక్టరు హెలెన్ మొదటి అభిప్రాయం సూటిగా ఉంది. గవర్నరు లేడు కనుక ఆయన విచక్షణా లేదు, తిరస్కరించండి అంది. న్యాయ విభాగాన్ని ఒకసారి అడుగుదామన్నాను. వాళ్ళ జవాబు వచ్చినప్పుడు హెలెన్ దాన్ని నా బల్ల దగ్గరే నిలబడి చదివి, నవ్వు ఆపుకోలేక పక్క కుర్చీలో కూలబడింది. ఒప్పందం ప్రకారం గవర్నరు అధికారాలన్నీ మా విభాగంలో ఒక పోస్టుకు బదిలీ అయ్యాయి. ఆ పోస్టులో ఉన్నది నేను.

మధ్యాహ్నం టీకి వెళ్ళి వచ్చేసరికి నా కంప్యూటరు నెత్తిన కాగితంతో చేసిన, ఒకప్పటి తెల్ల గవర్నర్లు పెట్టుకునేలాంటి ఈకల టోపీ ఉంది. బ్రిస్బేన్ ప్రయాణానికి అనుమతి అడిగితే, "గవర్నరు ఎకానమీలోనే వెళ్తారు" అని సంతకం పెట్టింది హెలెన్.

ఇంట్లో నా భార్య వసుంధర అంతా విని, "గవర్నరు గారూ, రేపు రీసైక్లింగ్. పసుపు మూత బిన్ను బయట పెట్టి రండి" అంది. నేను పెట్టి వచ్చాక అసలు మాట చెప్పింది.

"నడవడీ హోదా విచారించడమంటే పెళ్ళిచూపులే కదండీ. ఫైల్లో రాసుకున్నట్టు అడక్కండి. అబ్బాయిని కూర్చోబెట్టి మాట్లాడండి. పాడమనండి."

"పాడమనడం నిబంధనల్లో లేదు."

"నన్ను పాడమన్నప్పుడు మీవాళ్ళు ఏ నిబంధన చూశారు?"

నా ప్రశ్నల జాబితా చివర పాట కూడా రాసుకున్నాను.

స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో కూతురు లీల తలుపు తీసింది. రాన్ అప్పటికే సోఫా అంచున కూర్చుని ఉన్నాడు. మెడకు బిగుసుకున్న టై. ఒళ్ళో తను స్వయంగా చేసిన లామింగ్టన్ల పళ్ళెం. ఆ చాక్లెట్ కేకుల మీది కొబ్బరి పొడి ఆయన ప్యాంటు మీద రాలుతోంది. ఎవరూ చెప్పకుండానే సుభద్రమ్మ గారు వంటింట్లోకి వెళ్ళి, తలుపు ఓరగా తెరిచి కూర్చున్నారు. మనవరాలు టీ తెచ్చింది. లోపలినుంచి వస్తున్న కిచకిచలకు సిగ్గుపడి, "నానీ, స్టాప్ లాఫింగ్!" అని వెనక్కి తిరిగి అమ్మమ్మ మీద కేకేసింది.

మొదట నడవడి అడిగాను. రాన్ నిజాయితీగా ఆలోచించాడు. బస్సు కోసం పరుగెత్తుకొస్తున్న మనిషిని చూసి కూడా ఒక్కసారి తలుపు మూశానన్నాడు. ఎవరా మనిషి అంటే, తన డిపో మేనేజరట. వంటింట్లో గిన్నె ఒకటి కింద పడింది.

తరువాత హోదా. చిక్కంతా అక్కడే ఉంది. పాత పాలకుల లెక్కలో హెడ్మాస్టరు ఎక్కడ, డ్రైవరెక్కడ. నేను ఇంకా మాట కూడబలుక్కుంటుండగానే తలుపు వెనకనుంచి ఆవిడ గొంతు వచ్చింది.

"మా మాస్టారు సైకిలైనా తొక్కనేకపోయీవోరు. అది కూడా రాసుకో నాయనా."

పాడమన్నాను. రాన్ లేచి నిలబడి, టై సర్దుకుని, ఆవిడ నేర్పిన తెలుగు పాట ఒకటి ఎత్తుకున్నాడు. ఒక్క మాట అర్థం తెలియదు. శ్రుతి ఆ ఇంటి దరిదాపుల్లో లేదు. నమ్మకం మాత్రం సంపూర్ణం. లీల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పెరట్లోకి పరుగెత్తింది. నేను గవర్నరునని గుర్తు చేసుకుంటూ నవ్వు ఆపుకున్నాను. కొంతసేపే.

చివరికి నా సొంత ప్రశ్న అడిగాను. పెళ్ళి చేసుకోకుండా కలిసి ఉంటే ఈ నిబంధన మీ జోలికే రాదు, పింఛనుకు ఏ ఢోకా ఉండదు, మరి పెళ్ళెందుకు?

రాన్ పళ్ళెం కింద పెట్టాడు. కిందటి నెల సుభద్రమ్మ గారు జారిపడితే ఆసుపత్రికి తీసుకెళ్ళింది తనేనట. లోపలికి వెళ్ళబోతే ఆమెకు ఏమవుతారని అడిగారు. స్నేహితుణ్ణి అన్నాడు. కుటుంబం వాళ్ళనే రానిస్తామన్నారు. లీల వచ్చేదాకా వసారాలో కూర్చున్నాడు. "ఈసారి అడిగితే చెప్పడానికి వేరే మాట కావాలి" అన్నాడు.

వంటింటి తలుపు పూర్తిగా తెరుచుకుంది. సుభద్రమ్మ గారు బయటికి వచ్చి, ఆయన ప్యాంటు మీది కొబ్బరి పొడి దులిపి, పక్కన కూర్చున్నారు.

నా నివేదికలో హోదా గురించి రాసింది ఇంతే: ఇతరుల పిల్లల్ని చేరవలసిన చోటికి క్షేమంగా చేర్చడమే ఇద్దరి వృత్తి కనుక తేడా కనిపించలేదు, గవర్నరు తృప్తి చెందడమైనది. హెలెన్ ఒక్క అక్షరం మార్చలేదు. పింఛను కొనసాగింది.

పెళ్ళికి నేను వెళ్ళకూడదు. నిర్ణయం తీసుకున్న అధికారి విందు తినడం మా నియమావళికి విరుద్ధం. వసుంధర తనకు ఏ పదవీ లేదని గుర్తు చేసి, విమానం ఎక్కి వెళ్ళి, పెళ్ళికొడుకుతో నాట్యం చేసి వచ్చింది. గవర్నరు గారు ఆ శనివారం ఇంట్లో ఉప్మా చేసుకున్నారు.

ఆ తరువాత నేను రిటైరయ్యాను. కిందటి చలికాలం వసుంధర పోయింది. ఆఖరి రోజుల్లో ఆసుపత్రి వార్డు తలుపు దగ్గర, రాన్‌ను అడిగినట్టే నన్నూ ఆమెకు ఏమవుతారని అడిగారు. భర్తను అన్నాను. తలుపు తీశారు.

వృత్తిపరంగా ఆ ఫైలు నాకు నేర్పినది ఒకటే. ఒక నిబంధన అధికారి తృప్తికి దేన్నైనా వదిలిందంటే, ఆ అధికారి లేచి వెళ్ళి చూడాలి. బల్ల దగ్గర కూర్చుని ఉంటే నేను తిరస్కరించి ఉండేవాణ్ణి. నిబంధనల ప్రకారం అదీ సరైన నిర్ణయమే అయ్యేది.