పై అంతస్తుకి వెళ్ళనన్న వైరు

ఇరవై రెండేళ్ళ వయసులో నాకు రాని పనంటూ లోకంలో లేదు. రానివన్నీ ఆ తరవాత ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఆ రోజుల్లో నా విద్యంతా మా భీమవరం చుట్టుపక్కల పెళ్ళిపందిళ్ళకు సీరియల్ లైట్లు కట్టడం, మైకు సెట్టుకు తీగలు లాగడం వరకే. దోహా కంపెనీవాళ్ళు ఇంటర్వ్యూకి వచ్చినప్పుడు మాత్రం, గోడల్లో పైపులు దించి వైరింగు చేయడంలో ఎనిమిదేళ్ళ అనుభవం ఉందని తడుముకోకుండా చెప్పేశాను. (ఆ లెక్కన పద్నాలుగో ఏటి నుంచే నేను గోడలు పగలగొడుతున్నట్టు. ఇంటర్వ్యూ చేసినాయన లెక్కల్లో నాకంటే వీకు.) అలా ఎలక్ట్రీషియన్‌గా విమానం ఎక్కి, బర్వా అల్ బరాహా లేబర్ క్యాంపులో ఒక గదిలో పై మంచం సంపాదించి, మూడో నెలలో పడ్డాను. మొదటి మూడు నెలలు పని చూసి, నచ్చితే ఉంచుకుంటారు. నచ్చకపోతే దుఖాన్ పంపి, ఇసుకలో కేబుళ్ళకు గోతులు తవ్విస్తారు. అప్పటికి దుఖాన్ నేను చూడలేదు గానీ, దాని పేరు వింటేనే నడుం నొప్పి పుట్టేది.

దోహాలోనే అల్ ముంతజా అనే పేటలో ఒక పాత రెండంతస్తుల విల్లా. వైర్లన్నీ మార్చాలి. పనికి ఇద్దరమే వెళ్ళాం: నేనూ, కాకా. కాకాది నిజామాబాద్ వైపు. పాతికేళ్ళుగా గల్ఫ్‌లో ఉన్న మనిషి, క్యాంపులో చిన్నాపెద్దా అందరికీ కాకాయే. మొదటిరోజు మధ్యాహ్నం ఆయన సామాన్ల కోసం వెళ్ళినప్పుడు, నా చురుకుదనం చూపిద్దామని, కింద బోర్డు నుంచి పై బోర్డుకి వెళ్ళే ఇనుప పైపులోంచి పాత వైర్లన్నీ లాగి, చక్కగా చుట్టచుట్టి పెట్టాను. కాకా వచ్చి ఆ చుట్టని చూశాడు. ఖాళీ పైపుని చూశాడు. తరవాత నన్ను చూశాడు.

"గీ వైర్లు ఎవడు గుంజిండు?"

"నేనే కాకా. ఒక్కణ్ణే లాగేశానండి."

"పాతదాని కొసకు కొత్తది కట్టి గుంజితే ఐదు నిమిషాల పని గదరా. మీద పాతది వస్తుంటే ఎన్కనే కొత్తది పోతది. గిప్పుడు ఉత్త పైపుల ఎట్ల ఎక్కిస్తవ్? ఎనిమిదేండ్లు ఇట్లనే చేసినవా?"

"మా గోదావరి జిల్లాలో పద్ధతి వేరండి" అన్నాను. మా జిల్లా నన్ను క్షమించాలి.

సాయంత్రం ఫోర్‌మాన్ వచ్చాడు. ప్రతి మాటకీ ముందొక 'యల్లా', వెనకొక 'యల్లా' (అరబ్బీలో 'కానీ, త్వరగా' అని) పెడతాడు కాబట్టి మేమంతా ఆయన్ని యల్లా సార్ అనేవాళ్ళం. ఖాళీ పైపులోకి ఒక కన్ను పెట్టి చూసి, "యల్లా, కల్ శామ్ తక్ ఊపర్ కరెంట్ నహీ, తో తుమ్ దుఖాన్, యల్లా" అని నా వైపే వేలు చూపించి వెళ్ళిపోయాడు. రేపు సాయంత్రానికల్లా పై అంతస్తులో దీపం వెలగాలి.

మర్నాడు సంగతి ఇది. పైన ఆడవాళ్ళ గదులు. ఇంట్లోవాళ్ళంతా బంధువుల ఇంటికి వెళ్ళినా, పెద్దావిడ మాత్రం నా గది వదిలి రానని కూర్చుంది. (ఆవిణ్ణి అందరూ మామా కబీర్ అనేవారు, అంటే పెద్దమ్మగారు.) ఆవిడ ఏసీకి ఒక తాత్కాలిక వైరు మెట్ల మీదుగా వేసి పెట్టాం. పైకి వెళ్ళే మగవాడు మెట్ల దగ్గరే నిలబడి గట్టిగా పిలవాలి, దారి ఖాళీ అయిందని పనమ్మాయి చెప్పాకే ఎక్కాలి. అదీ వయసు మళ్ళిన కాకాకే అనుమతి. కుర్రాణ్ణి కాబట్టి నేను కిందే. కెమెరా ఫోన్లు పైకి వెళ్ళకూడదని ఇద్దరి ఫోన్లూ గుమ్మం దగ్గర బుట్టలో వేయించారు. అంటే పైనున్న కాకాకీ కిందున్న నాకూ మధ్య ఉన్నది ఆ ఇనుప పైపు ఒక్కటే. అందుకని కాకా కటింగ్ ప్లేయర్‌తో పైపు మీద కొట్టే ఏర్పాటు చేశాడు. "ఒక్కటి కొడితే తొయ్యి. రెండు కొడితే ఆగు. మూడు కొడితే యాడనో తట్టుకున్నట్టు, ఒక బారెడు ఎన్కకు గుంజు. సమజైందా?" సమజైందన్నాను. ఇంత సులువైన పని నా జన్మలో దొరకలేదనుకున్నాను.

పైనా కిందా మిగతా పని ముగిసేసరికి నాలుగు దాటింది. అప్పుడు కాకా పైనుంచి వైరు లాగే స్ప్రింగు తీగ దించాడు. దాని కొసకి కొత్త వైర్లన్నీ కట్టి, టేపు చుట్టి, సబ్బునీళ్ళు రాశాను. పైనుంచి ఆయన లాగాలి, కిందనుంచి నేను తోయాలి. ఒక దెబ్బ వినిపించింది. తోశాను. మళ్ళీ ఒకటి. తోశాను. వైరు బుద్ధిగా ఎక్కుతోంది.

అప్పుడే టీ పెట్టడానికని పనమ్మాయి కిందికి వచ్చింది. నేను ఏదో తెలుగు పాట కూనిరాగం తీస్తుంటే విని ఠక్కున ఆగిపోయింది. రాయచోటి మనిషి.

"యాడ నాయనా మనది?" అంది. భీమవరం అన్నాను. "తెలుగు మాట విని ఎన్నాళ్ళాయనో" అని టీ సంగతి మరిచి మెట్టు మీద కూర్చుంది. మా అమ్మ ఏం చేస్తుంది, అక్కకి పిల్లలెంతమంది, అన్నీ అడుగుతోంది. ఇంతలో పైపులోంచి సన్నగా మూడు దెబ్బలు వినిపించాయి. బారెడు వెనక్కి లాగాను. మళ్ళీ ఒకటి, తోశాను. మళ్ళీ మూడు, ఈసారి కాస్త కోపంగా. లాగాను. పైనుంచి కూడా ఎవరో బలంగా లాగుతున్నట్టు అనిపించింది. ఎక్కడో గట్టిగా పట్టుకుందనుకుని, గోడకి కాలు తన్నిపట్టి మరీ లాగాను. పైపులోంచి కాకా గొంతు ఏదో వినిపిస్తోంది గానీ, కిక్కిరిసిన వైర్ల మధ్య మాటలు నలిగిపోయి ఉత్త గుయ్‌మనే మోతే కిందికి వస్తోంది. మెచ్చుకుంటున్నాడనుకున్నాను. ఇలా పావుగంట గడిచింది. వైరు ఎక్కినంతా దిగింది, దిగినంతా ఎక్కింది.

రాయచోటి అక్క చాలాసేపు చూసి, ఇక ఉండబట్టలేక అడిగింది. "యాల నాయనా, పైకీ కిందికీ పీకతా ఉండావు?"

"అది మా పని రహస్యం అక్కా" అన్నాను, ఛాతీ కొద్దిగా ముందుకు పెట్టి. "మూడు దెబ్బలు పడితే వెనక్కి లాగాలి."

అక్క మొహంలో నెత్తురు చుక్క లేదు. "మూడంటే నన్ను రమ్మని కదప్పా. మామా కబీర్ కట్టెతో గోడ మింద కొడతాది" అంటూ చెంగు దోపుకుని మెట్ల మీదికి పరిగెత్తింది. ఆవిడ మంచం ఆనుకుని ఉన్న గోడలోనే మా పైపు ఉంది. టీ రాలేదని ఆవిడ కొట్టిన ప్రతిసారీ నేను కాకా చేతుల్లోంచి వైరు పీకేస్తున్నాను. కాకా వదిలి వద్దామంటే అంతా కిందికి జారిపోతుంది, పట్టుకుని ఉంటే నేను లాగేస్తున్నాను. పైకి వెళ్ళే వీల్లేక, అరిచినా పైకి వినపడక, నేను ఆ వైరు పట్టుకుని బిక్కమొహంతో నిలబడ్డాను. దుఖాన్ ఇసుక కాళ్ళ కింద తగులుతున్నట్టే ఉంది.

పైన అక్క అరబ్బీలో ఏదో చెప్పడం వినిపించింది. తరవాత ఒక ముసలి నవ్వు, మధ్యలో దగ్గు, మళ్ళీ నవ్వు. ఆ తరవాత కాసేపు ఏ కట్టే కదల్లేదు. కాకా ఒక్కటే కొట్టాడు, నేను తోశాను, వైరు కొస పై బోర్డులో తేలింది.

కానీ అప్పటికే యల్లా సార్ గుమ్మంలో ఉన్నాడు. పై బోర్డు ఇంకా కలపనేలేదు. "యల్లా, సుబహ్ సే క్యా కియా?" అని నన్నడిగాడు. పొద్దున్నుంచీ ఏం చేశావని. నిజం చెబితే దుఖాన్. ఎనిమిదేళ్ళ అనుభవం ఒక్క ముక్క కూడా అక్కరకు రాలేదు. అంతలో పై మెట్టు మీద కట్టె చప్పుడయింది. నల్లటి ముసుగులో మామా కబీర్, పక్కన మా అక్క. పెద్దావిడ ఫోర్‌మాన్‌తో నాలుగు మాటలు గట్టిగా అంది. ఆయన "హాజిర్ మామా, హాజిర్" అని, చిత్తం చిత్తం అన్నట్టు, రెండడుగులు వెనక్కి వేశాడు. ఆవిడేమందో తరవాత అక్క చెప్పింది: 'నేను పడుకున్నానని పని ఆపించాను. పిల్లలు మంచివాళ్ళు, ఆపమంటే ఆపారు. వాళ్ళని ఏమీ అనకు.' ఎవరో ముక్కూమొహం తెలియని ముసలావిడ నా కోసం అబద్ధం ఆడింది. ఆ రోజు నా కళ్ళు చెమర్చిన మాట నిజం. అస్తమించే వేళకి పై అంతస్తులో దీపాలు వెలిగాయి. అక్క పళ్ళెంలో ఖర్జూరాలూ, టీ తెచ్చి ఇచ్చింది.

క్యాంపుకి వెళ్ళే బస్సులో కాకా పక్కనే కూర్చున్నాను. ఆయన అరచేతులు వైరు ఒరుసుకుని ఎర్రగా కమిలి ఉన్నాయి. తల దించుకుని చెప్పేశాను. "పైపులో వైరు ఎక్కించడం నాకు ఇదే మొదలండి కాకా."

"నాకు నిన్ననే ఎరుక" అన్నాడాయన.

"మరి ఫోర్‌మాన్‌కి చెప్పలేదేంటండీ?"

కాకా కిటికీలోంచి బయటికి చూస్తూ, "నేను కార్పెంటరు అని చెప్పి వచ్చిన బిడ్డా. సుత్తె ఎటు పట్టాల్నో ఎరుకలేకుండె. అప్పుడొకాయన నా మీద చెప్పలే" అన్నాడు. ఆ తరవాత బస్సు దిగేదాకా ఇద్దరం నవ్వుతూనే ఉన్నాం, ఎందుకో పక్కవాళ్ళకి తెలియదు.

కాకా ఇంటికి వెళ్ళిపోయి చాలాకాలమైంది. ఇప్పుడు మా కంపెనీలో కొత్తవాళ్ళని పరీక్షించేది నేనే. ఆనాటి నేను వచ్చి నా ఎదుట కూర్చుంటే, ప్లేయర్ పట్టుకునే తీరు చూసే రెండు నిమిషాల్లో పట్టేస్తాను. పట్టేసి, ఏమీ ఎరగనట్టు సంతకం పెట్టేస్తాను. కాకపోతే వాడి పక్కన నిలబెట్టడానికి ఒక కాకా కావాలి. ఆ వెతుకులాటలోనే నాకు ఆలస్యమవుతోంది.