మంచం బొమ్మ ఉన్నచోట మగ్గం గుంత

మా కొత్త ఇల్లు మొదట కోడలి కంప్యూటర్‌లోనే లేచింది. ఆమె డిప్లొమా చదివి, నల్గొండలో ఇళ్ల నక్షాలు గీసే ఆఫీసులో పనిచేస్తుంది. ఆదివారాలు ఆ కంప్యూటర్‌ను ఒళ్లో పెట్టుకుని, మా కిరాయి ఇంటి గడప దగ్గర కూర్చుని గోడలు లేపేది. మౌస్ నొక్కి లాగితే గోడ. ఇంకోసారి నొక్కితే కిటికీ. ఇంటిని గిర్రున తిప్పి వెనకవైపు చూపిస్తే నాకు కళ్లు తిరిగేవి.

నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక, మహిళా సంఘం వాళ్లు నడిపిన సాయంత్రం బడిలో. అందుకే కోడలు నాకోసం గదుల పేర్లు తెలుగులో పెట్టింది. వంటగది, దేవుని అర్ర, ముందు గది. ఒక్కొక్కటి కూడబలుక్కుని చదువుతుంటే ఇంకా కట్టని ఇంట్లో తిరుగుతున్నట్టే ఉండేది.

మా ఆయనకు కావలసింది మాత్రం ఒక్కటే.

"మగ్గానికి జాగుంటెనే నేనొస్త. లేకుంటె మీరే పోయి ఉండుండ్రి. నేను గీ కిరాయి ఇంట్లనే ఉంట" అన్నాడు.

ఆయనది గుంట మగ్గం. నేలలో గుంత తవ్వి, అందులోకి కాళ్లు దించి కూర్చుని, కింది కట్టెలు తొక్కుతూ, పోగును బిగించే పలకను మీదికి లాక్కుంటూ నేస్తారు. మా వాడలో చాలామంది మగ్గాలు విప్పేసి బట్టల షాపులకో, వాచ్‌మన్ పనులకో పోయారు. ఈయన పోలేదు. ఒకసారి చేతికి దెబ్బ తగిలి కొన్నాళ్లు నేయలేకపోతే ఎట్లా అయిపోయాడో నేను చూశాను. పిలిస్తే పలికేవాడు కాదు, అన్నం అడిగేవాడు కాదు. మగ్గం ఆగితే మళ్లీ అట్లాగే అయిపోతాడేమోనని నా భయం.

కోడలి కంప్యూటర్‌లో సోఫాలు, ఫ్రిజ్‌లు, పూలకుండీలు, ఉయ్యాలలు అన్నీ ఉన్నాయి. మగ్గం లేదు. వెతికి వెతికి, చివరికి వెనక గదిలో ఒక పెద్ద మంచం పెట్టింది.

"మంచమేంది బిడ్డా?"

"కొలతలు అటిటుగ గంతనే ఉన్నయి మామా. ఇప్పటికి గిదే మన మగ్గం అనుకోండి."

"పరుపు గూడ ఏసినవు. కూసుంటె నిద్రొస్తది గద!"

నవ్వుకున్నాం. ఆ రోజు నుంచి మా ముగ్గురికీ ఆ మంచం మగ్గమే అయిపోయింది. "మగ్గం జర కిటికీ దిక్కు జరుపు బిడ్డా" అని ఆయన అంటే, ఆమె మంచాన్ని జరిపేది. మంచం ఉంది కాబట్టి ఆ గది మీద 'పడకగది' అనే ఉండిపోయింది. నేను చదివాను కూడా. చదివి, మగ్గం అర్ర అనే అనుకున్నాను. ఆ నక్షాలే కాగితాల మీద అచ్చయి మేస్త్రి చేతికి పోయాయి.

పునాదుల మీద బీములు పోసే రోజు పొద్దున నేను చాయ్ పట్టుకుని పోయాను. వెనక గది నట్టనడుమ, అడ్డంగా ఒక సున్నం గీత కనిపించింది.

"ఇదేంది అన్నా?"

"బీము అక్కా. ఈ పిల్లర్‌ కెల్లి ఆ పిల్లర్‌ దాక" అన్నాడు మేస్త్రి.

"గక్కడ మగ్గం గుంత రావాలె గద!"

మేస్త్రి కాగితం విప్పి చూపించాడు. "మగ్గమా? గిండ్ల మంచమున్నది. మంచం కింద గుంత ఎవరు తవ్వుతరక్కా?"

ఇనుప సలాకలు వంచుతున్నవాళ్లు నవ్వారు.

"జర ఆపుండ్రి."

"మధ్యాహ్నం కంకర మిషనొస్తది. ఇయాల పొయ్యకుంటె మళ్ల ఎప్పుడు దొరుకుతదో."

కోడలికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తలేదు. ఇంటికి పోయి తలుపు దగ్గర నిలబడ్డాను. మగ్గం ఆడుతోంది. ఆయన తలెత్తకుండానే "పని మొదలు వెట్టిన్రా?" అని అడిగాడు. "ఆఁ" అన్నాను. గీత సంగతి చెప్పలేదు. అప్పుడే ఫోన్ మోగితే బయటికి పరుగెత్తాను.

సంగతి విని కోడలు "అయ్యో అత్తమ్మా" అంది. తర్వాత "ఫికర్ చెయ్యకు, బస్సెక్కుతున్న" అంది.

ఎండ ముదిరేసరికి వచ్చింది. బీము కదపకూడదని ఆఫీసులో ఇంజినీరు చెప్పాడట. ఇటుకల కుప్ప మీద కంప్యూటర్ పెట్టి మంచాన్ని తీసేసింది. మెట్ల కోసం నేలలో బొక్క పెట్టే ఉపాయం ఒకటి అందులో ఉందట, దానితో గుంత చేసింది. దాన్ని బీముకు ఇవతలికి లాగింది. మగ్గం మీద సాచిన పడుగు పోగులు బీము పైనుంచి పోతాయి కాబట్టి అడ్డేం లేదు. కానీ గుంత వెనక గోడకు దగ్గరైపోయింది.

"మామకు సరిపోతదా?"

"ఆయన్నే అడగాలె బిడ్డా."

పోయి చెప్పాను. తిడతాడనుకున్నాను. తిట్టలేదు, అదే నన్ను ఇంకా భయపెట్టింది. కండువా భుజాన వేసుకుని వచ్చాడు. కంప్యూటర్ వైపు చూడనే లేదు. మట్టిలో కూర్చుని బీము గీత దిక్కు కాళ్లు చాపాడు.

"గోడ ఏడికొస్తది?"

కోడలు ఆయన వెనక నిలబడింది. "ఇగో, నేనే గోడను."

ఆయన చేతులు ముందుకు చాచి, లేని పలకను తన మీదికి లాక్కున్నాడు. మోచేతులు కోడలి మోకాళ్లకు తగిలాయి.

"గోడా, జర ఎనుకకు జరుగు."

"గోడ జరగదు మామా. మీరే ముందుకు పోవాలె."

ముందుకు జరిగాడు. మడమలు సున్నం గీతకు ఆనాయి. మళ్లీ లాగాడు. తగలలేదు. కళ్లు మూసుకుని ఇంకోసారి లాగాడు.

"ఇరుకుంటది" అన్నాడు.

ఆయన లేచి, మట్టి దులుపుకుని, మేస్త్రి వైపు తిరిగాడు.

"గుంత లోపట సిమెంటు గిలాబు నున్నగ జెయ్యిండ్రి. గరుకుంటె మోకాళ్లు గీరుకపోతయ్."

మేస్త్రి గుంత చుట్టూ సున్నం పోశాడు. మా ఆయన మగ్గం దగ్గరికి, కోడలు బస్సుకు పోయారు. నేను మాత్రం ఎండలో ఆ గుంత గీత పక్కనే నిలబడ్డాను. ఎవరు సలాకలు మోసుకొచ్చినా "చూసి నడువుండ్రి" అంటూనే ఉన్నాను.

"చెరిగితె మళ్ల పోస్తం గద అక్కా" అన్నాడొకతను నవ్వుతూ.

పోస్తారు. జానెడు అటు పోస్తే? కంకర మిషన్ వచ్చి, బీము నిండేదాకా నేను అక్కడి నుంచి కదలలేదు.