రెండు కాటాలు, ఒకే బొమ్మ

సోనారి విమానాల మైదానం నుంచి చిన్న విమానం లేచినప్పుడు మా గది అద్దాలు సన్నగా అదురుతాయి. ఆ చప్పుడు వినగానే నేను మాట మధ్యలో ఆగిపోతాను. ఇంట్లోవాళ్ళు నవ్వుతారు. నూకరత్నం పిన్ని దగ్గర అబ్బిన అలవాటిది. ఎంత పనిలో ఉన్నా విమానం కనుమరుగయ్యేదాకా చూసి, "ఎటెల్తందో మరి" అనుకుని, ఆపిన మాట మళ్ళీ అక్కడే అందుకునేది. ఊరికే అనడం కాదు, ఆవిడకి నిజంగానే తెలుసుకోవాలని ఉండేది. పైలట్ ఎదురుపడితే అడిగేసే మనిషే.

పిన్ని అంటే చుట్టం కాదు, నా మొదటి యజమాని. వాళ్ళ నాన్న టాటానగర్‌లో రైల్వే పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఆవిడ సోనారిలో ఒక టైలరు దుకాణం పైన రెండు గదులు తీసుకుని, చిన్న దుకాణాలకీ యార్డులకీ కంప్యూటర్ ప్రోగ్రాములు రాసిచ్చేది. ఉద్యోగం కోసం వెళ్ళిన రోజు నేను సర్టిఫికెట్లు తీస్తుంటే అటు చూడనైనా చూడకుండా ఏ ఊరోళ్ళమని అడిగింది. ఇక్కడి తెలుగువాళ్ళలో పేరు కన్నా ముందు వచ్చే ప్రశ్న అదే. పెద్దవాళ్ళు తెలుగులో అడిగితే హిందీలో జవాబివ్వడం మా ఈడువాళ్ళకి అలవాటు. ఇక్కడిదాన్నే, అగ్రికో కాలనీ, అని హిందీలో చెప్పాను.

"అగ్రికో మీ తాతకి కంపెనీ ఇచ్చిన కోర్టరు. ఊరేటి?"

శ్రీకాకుళం వైపని తప్ప నాకేం తెలియదు. కనుక్కుని చెప్పమంది. చేరిన మర్నాడే మర్చిపోయాను. మేడమ్ అని పిలిస్తే మాత్రం ఒప్పుకోలేదు, పిన్నీ అనమంది.

నేను చేసిన మొదటి పని పర్సుడీహ్‌లో ఒక లారీల యార్డుకి. లోపలికొచ్చే లారీలని తూచడానికి ఒక కాటా, బయటికెళ్ళేవాటికి ఇంకొకటి. రెండింటికీ ఒకే కంప్యూటరు, దాని ముందు మహతో అనే ఒకే మనిషి. ఒక్కో కాటాకి ఒక్కో ప్రోగ్రాం రాసిచ్చాం. తెర అడుగున, తెరిచి ఉన్నవాటి బొమ్మలన్నీ వరసగా కనపడే టాస్క్‌బార్ ఉంటుంది కదా, అందులో మా రెండు ప్రోగ్రాములూ ఒకే బొమ్మ కింద ఇరుక్కుని కూర్చున్నాయి. ఆ బొమ్మయినా మాది కాదు, మేము వాడిన పైథాన్ భాషది. మహతో దాన్ని నొక్కి, లేచిన రెండు కిటికీల్లో ఒకటి ఎంచుకోవాలి. బయట హారన్లు మోగుతుంటే చెయ్యి పక్కదాని మీద పడేది. బొగ్గు లారీ బరువు వెళ్ళి తుక్కు లారీకి ఎక్కేది. శనివారంలోగా బాగుచెయ్యకపోతే పాత ప్రోగ్రామే పెట్టించుకుంటానన్నాడు యార్డు యజమాని. ఆ యార్డు పోతే మా రెండు గదుల్లో ఒకటి ఖాళీ చెయ్యాల్సిందే. అందులో కూర్చునేది నేను.

కంగారులో ఒక ప్రోగ్రాంకి లారీ బొమ్మ తగిలించాను. కిటికీ మూలన బొమ్మ మారింది, టాస్క్‌బార్‌లో మారలేదు. నాకు ఏడుపొక్కటే తక్కువ. పోనీ రెండు కిటికీలకీ రెండు రంగులు వేసేద్దామన్నాను. పిన్ని నా మాట వినిపించుకోలేదు. ఆవిడ కళ్ళు అప్పటికే విమానాన్ని చూసేటప్పటి కళ్ళు అయిపోయాయి.

"బొమ్మ మార్చినా ఇది మారలేదంటే, బొమ్మ చూసి గుర్తుపట్టట్లేదు. మరి ఏటి చూత్తంది?"

పైథాన్‌ని నడిపే ఫోల్డరంతా ఇంకోచోటికి కాపీ చేసి, ఒక ప్రోగ్రాంని అక్కణ్ణుంచి తెరిచింది. టాస్క్‌బార్‌లో రెండు బొమ్మలు విడివిడిగా వచ్చాయి. పిన్ని కిందికి కేకేసి టీ తెప్పించింది. సంగతేమిటంటే, మా ప్రోగ్రాములకి సొంత పేరు లేదు. అందుకని కంప్యూటరు వాటిని ఎవరు వెంటబెట్టుకొచ్చారో చూసి, రెండింటినీ ఆ ఒక్క పైథాన్ లెక్కలోనే కట్టేస్తోంది. వెతగ్గా, ప్రోగ్రామే తన పేరు తను చెప్పుకునే వీలుందని తేలింది. ఒక్క వాక్యం చాలు. పేరు ఏదైనా పరవాలేదు, తెర మీద ఎవరికీ కనపడదు. బయటికెళ్ళే కాటాకి పిన్ని తన ఊరు బొడ్డవలస పేరు పెట్టేసింది. రెండోదానికి మీ ఊరెట్టు అంది.

నాయనమ్మకి ఫోన్ చేశాను. ఊరు పేరు అడిగాను. చింతలపేట అని చెప్పి, అక్కడితో ఆగకుండా ఏటి ఒడ్డూ, మా ఇంటి అరుగూ, పక్కింటి మనుషులూ అందరినీ చెప్పుకొచ్చింది. ఇన్నేళ్ళూ ఎవరూ అడగలేదు మరి.

ఆ వాక్యం రాశాను, ఏమీ మారలేదు. ఎక్కడ రాశావని అడిగింది పిన్ని. చివర్న, కిటికీ తెరుచుకున్నాక.

"లోపలికొచ్చి కూకున్నాక పేరు చెప్తే ఎవులింతారు? ముందు చెప్పి రావాల."

వాక్యాన్ని అన్నిటికన్నా పైకి జరిపాను. పక్కపక్కన రెండు బొమ్మలు లేచాయి. శుక్రవారం పిన్ని స్కూటరు మీద పర్సుడీహ్ వెళ్ళి పెట్టేసి వచ్చాం. మహతో అటొకసారి ఇటొకసారి నొక్కి చూసుకుని, మద్రాసీ దీదీలు బాగుచేశారని యజమానితో చెప్పాడు. ఆ మాటకి నాకు ఒళ్ళు మండింది. తిరిగొస్తూ దారిపొడుగునా తిట్టాను. పిన్ని నవ్వింది.

"ఆడి తప్పేటుంది. నువ్వు చెప్పకపోతే, ఎవులెంట వచ్చావో చూసి ఆడే ఓ పేరెట్టేత్తాడు."

పోయిన చలికాలంలో పిన్ని చనిపోయింది. ఏదైనా అర్థం కానప్పుడు సంతోషపడే మనిషిని ఆవిడ తర్వాత నేను మళ్ళీ చూడలేదు. ఆ లోటు ఇప్పటికీ తీరలేదు. ఈమధ్య యార్డువాళ్ళు కంప్యూటరు మారిస్తే, మా ప్రోగ్రాములు మళ్ళీ పెట్టడానికి వెళ్ళాను. మహతో తల నెరిసింది. పెద్ద దీదీ రాలేదేమని అడిగాడు. చెప్పాను. ఇంతలో బయట హారన్ మోగితే, తెర వైపు సరిగ్గా చూడకుండానే బయటికెళ్ళే కాటా బొమ్మ నొక్కాడు. అది పిన్ని ఊరు. చెయ్యి తప్పలేదు.

అక్కడ కొత్తగా చేరిన గుమస్తా నన్ను ఎక్కడివాళ్ళని హిందీలో అడిగాడు. చింతలపేట అన్నాను. అదెక్కడుందో అతనికి తెలియదు. నేనూ చూడలేదు. అగ్రికో సంగతి ఆ తర్వాత చెప్పాను.